కాసులమ్మ లాడ్జిలో ఆరో గది

అనకాపల్లి,
18-1-2004

గంగాభాగీరథీ సమానురాలైన రచయిత్రి పద్మకుమారి గారికి,

స్టేషను రోడ్డులో కాసులమ్మ లాడ్జి ఓనరు అప్పలరమణ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

అమ్మా, వారపత్రికలో మీ 'పానకంపేట లాడ్జి' సీరియల్ చదివిన దగ్గర్నుంచి నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. పేరు మార్చేరు గానీ ఊరు మార్చలేదు తల్లీ! అది మా అనకాపల్లే. ఆ లాడ్జి మా లాడ్జే. మెట్ల పక్కన పగిలిన అద్దం, అందులో మనిషి రెండు ముక్కలై కనపడటం, రైలు వెళ్తే మంచం కోళ్లు కదలడం, తెల్లారేసరికి బెల్లం వాసన కిటికీలోంచి వచ్చి దుప్పట్లకి పట్టడం... ఇవన్నీ విజయవాడలో కూచుని ఎలా చూసేరు? ఆ పేజీ నేను పైకి చదువుతుంటే మా ఆవిడ దేముడమ్మ బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టీసి, "ఓలమ్మో! ఈవిడెవరో మనింట్లో కూకునే రాసినట్టుంది" అంది. నాకు ఒళ్లు జలదరించింది. మా అమ్మ కాసులమ్మ పేరు మీద మా నాన్న కట్టించిన లాడ్జి ఇది. పుట్టిన దగ్గర్నుంచి ఇందులోనే ఉన్నాను గానీ, ఇది ఇంత అందంగా ఉంటుందని మీరు రాసేదాకా నాకు తెలీదు.

మీరు ఎప్పుడొచ్చి దిగేరు? ఏ గదిలో దిగేరు? దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
మీ రాతకి దాసుడు,
అప్పలరమణ

తా.క. లాడ్జి కాఫీ మాడిన పాల వాసన వేస్తుందని రాసేరు. అప్పట్నుంచి దేముడమ్మ నాతో మాట్లాడ్డం లేదు. ఆ మాట మీ చెవిన వేసింది నేనేనని అనుమానం.


విజయవాడ,
27-1-2004

గౌరవనీయులైన అప్పలరమణ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదువుకున్నాను. కానీ నిజం చెప్పాలి కదా. నేను అనకాపల్లి ఎప్పుడూ రాలేదండీ. రైల్లో దాటి వెళ్లినప్పుడు కూడా నిద్రపోతూనే ఉన్నాను. పానకంపేట నేను అల్లుకున్న ఊరు. ఆ మెట్లు బందరులో మా మేనత్త ఇంటివి. పగిలిన అద్దం తెనాలిలో మా అమ్మమ్మది. కదిలే మంచాలు గుడివాడలో, బెల్లం వాసన ఉయ్యూరు దగ్గర చెరుకు గానుగ ఆడే చోట. ఇలా తలా ఒక ఊరి నుంచి తలా ఒక ముక్కా తెచ్చి అతికిస్తే కథలో ఊరు లేస్తుంది.

అలా అతికించిన ఊరు ఎక్కడో నిజంగానే ఉందని మీరు రాస్తే మాత్రం నాకూ ఒళ్లు జలదరించింది. కాసేపు కలం ముట్టుకోవాలంటే భయం వేసింది.

శుభం కోరే,
పద్మకుమారి

తా.క. దేముడమ్మ గారికి నా క్షమాపణలు చెప్పండి. ఆ మాడిన పాలు మా ఇంటివి. నేను రాస్తూ కూర్చుంటే పొయ్యి మీద పాలు ఎవరు చూస్తారు?

మరో తా.క. 'గంగాభాగీరథీ సమానురాలు' అని భర్త పోయినవాళ్లకి రాస్తారండీ. మీ ఉత్తరం ముందు విప్పింది మావారే. ఆ పూట ఆయన అన్నం తినలేదు.


అనకాపల్లి,
9-2-2004

లక్ష్మీసౌభాగ్యవతి, నిత్య సుమంగళి పద్మకుమారి గారికీ, నిండు నూరేళ్లు చల్లగా ఉండాల్సిన వారి శ్రీవారికీ,

అప్పలరమణ లెంపలు వేసుకుని రాయునది. గంగా మంచి నదే, భాగీరథీ మంచి నదే కదా అని రాసేశాను. బాబుగారికి నా పాదాభివందనాలు.

మీరు ఇక్కడికి రాలేదని రాసేరు. అర్థమయిందమ్మా. పెద్ద పెద్దవాళ్లు ఎక్కడ దిగేరో బయట పెట్టరు, పెడితే జనం పీక్కు తింటారు. మెట్లు బందరువి, అద్దం తెనాలిది అని రాసి నా నోరు మూయించేరు చూడండి, ఆ తెలివికి ఒక దండం. ఈ రహస్యం నా కడుపులోనే ఉంటుంది. దేముడమ్మకీ, మార్కెట్లో ఒకరిద్దరికీ తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ ఒకరిద్దరి పుణ్యమా అని నక్కపల్లి నుంచీ, రాంబిల్లి నుంచీ మీ పాఠకులు దిగుతున్నారు. వచ్చినవాళ్లందరికీ మీ నవలలో సుభద్ర ఎదురుచూస్తూ కూచున్న ఆరో నంబరు గదే కావాలి. మాకున్నవి ఐదే గదులు! ఏం చేస్తాను? బియ్యం బస్తాలూ బెల్లం దిమ్మలూ పెట్టుకునే సామాన్ల గది తలుపు మీద 'ఆరు' అని రంగుతో రాయించేను. ఒక టీచరమ్మ ఆ బస్తాల మధ్య నిలబడి కళ్లు తుడుచుకుంది. ఆవిణ్ని చూసి నాకూ నీళ్లొచ్చేయి. రోలుగుంట నుంచి పారిజాతం మొక్క తెచ్చి నాటేం. మీ నవలలో అది విరగబూస్తోంది, మాది ఇంకా జానెడే. "కొట్టేసేం, మళ్లీ చిగిర్చింది" అని చెప్పుకొస్తున్నాను.

ఎందుకీ అవస్థంతా అంటారా? లాడ్జిలో సగం వాటా మా అన్నయ్య పొట్టిబాబుది. గాజువాకలో ఉంటాడు. "బేరం లేని లాడ్జి ఏటికిరా? పక్కనున్న కన్నబాబుకి ఇచ్చీసేవంటే పడగొట్టి మోటారు సైకిళ్ల షాపు కట్టుకుంతాడు" అని పట్టుబట్టేడు. కాళ్లావేళ్లా పడితే నూకాలమ్మ జాతర దాకా, అంటే కొత్త అమావాస్య దాకా గడువిచ్చేడు. అప్పటికి గదులు నిండితే సరి. లేదంటే సంతకాలే. అమ్మ పేరున్న బోర్డు పాతినుము కొట్టుకి పోతుంది. ఆ మాట తలుచుకుంటే ముద్ద దిగటం లేదు. నా ఆశంతా మీ నవల మీదే తల్లీ.

ఒక చిన్న విన్నపం. పోయిన వారం సుభద్ర తూర్పు బాల్కనీలో నిలబడింది. మాకు బాల్కనీ లేదు. కట్టడానికి మేస్త్రీ సూర్యనారాయణ సిద్ధంగానే ఉన్నాడు గానీ, తూర్పున కన్నబాబు గోడ అడ్డం. కాబట్టి వచ్చే వారం ఆవిణ్ని దయచేసి పడమటి వైపు తిప్పగలరు.

ఇట్లు,
అప్పలరమణ

తా.క. నవలలో బావి మాత్రం తవ్వించకండి. ఇక్కడ కిందంతా రాయి.


విజయవాడ,
18-2-2004

అప్పలరమణ గారూ,

అయ్యో, ఆపండి! ముందా మేస్త్రీని ఇంటికి పంపించండి. నేను రాసేది నవలండీ, ఇంటి ప్లాను కాదు.

మీ అమ్మగారి బోర్డు సంగతి చదివాక నాకూ మనసు మనసులో లేదు. అందుకే సాయంత్రపు ఎండ చూడాలని ఉందని వంక పెట్టి సుభద్రని పడమటి బాల్కనీలోకి పంపాను. అంతవరకే నా చేతిలో ఉంది. మీరు ఇంకేం కట్టేస్తారో అన్న భయంతో ఒక సంగతి ముందే చెబుతున్నాను. చివరి భాగం రాసి ఎడిటరు గారికి ఇచ్చేశాను. అందులో తుఫాను వస్తుంది. లాడ్జి కూలిపోతుంది.

కూలేది కథలో లాడ్జి. మీ లాడ్జికీ దానికీ ఏ సంబంధమూ లేదు. దయచేసి ఈ సంగతి ఎవరితోనూ అనకండి.

ఇట్లు,
పద్మకుమారి

తా.క. సుభద్రకి ఏమీ కాదు. మీ పారిజాతం బతికిందా అని మావారు అడగమన్నారు.


అనకాపల్లి,
1-3-2004

లక్ష్మీసౌభాగ్యవతి పద్మకుమారి గారికి,

అప్పలరమణ ఏడుస్తూ రాయునది.

ఎవరికీ చెప్పలేదమ్మా. దేముడమ్మకి చెప్పేను. ఆవిడ పక్కింటి చిన్నమ్మలుకి చెప్పింది. సాయంత్రానికి బెల్లం మార్కెట్టంతా తెలిసిపోయింది. "పద్మకుమారమ్మ ఏది రాత్తే అది ఈడ లేత్తంది. సెట్టు రాసింది, లేసింది. బాల్కనీ రాసింది, లేత్తంది. ఇప్పుడు కూల్తాదని రాసింది" అని జనం మా లాడ్జి ముందు నడవడం మానేసి, ఎదురుగా ఉన్న గట్టు మీంచి పోతున్నారు. ఐదో గదిలో దిగిన రాంబిల్లి చేపల వ్యాపారి చెప్పకుండా పెట్టె సర్దుకున్నాడు. కన్నబాబైతే, "రాసినావిడే పడగొట్టెత్తంటే మజ్జిన నానేటి పడగొట్టాలి?" అని నవ్వుతున్నాడు. అన్నయ్య ఫోన్ చేసి, కాగితాలు రాయిస్తున్నాను, జాతరకి వస్తానన్నాడు.

నేను నీరుగారిపోయి కూచుంటే దేముడమ్మే లేచింది. "కళ్లారా సూడకుండా ఎలా పడగొడతాది? ఓపాలి వచ్చి, మన సేతి ముద్ద తిని, అప్పుడు పడగొట్టమని రాయయ్యా" అంది. ఆవిడ ఎప్పుడో వచ్చి దిగింది కదే అన్నాను. "రానేదని ఆవిడే రాసింది గదా! ఆడకూతురు మాట నమ్మవేటి?" అని కసిరింది. అప్పుడు మీ మొదటి ఉత్తరం మళ్లీ తీసి చదివేను. నిజంగానే రాలేదా తల్లీ? చూడకుండానే మా లాడ్జి అంతా రాసేరా? అయితే మీరు మనిషి కాదు.

ఇట్లు,
అప్పలరమణ

తా.క. మేస్త్రీ బాల్కనీ పూర్తి చేసేడు. పడమటి వైపే. చాలా బాగొచ్చింది. అది కూడా కూలిపోతుందా?


విజయవాడ,
24-3-2004

అప్పలరమణ గారికి,

జాతర నాడు మీ మెట్ల దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి ఒకావిడ గది అడిగితే, "మంచం కాదు తల్లీ, చాప కూడా ఖాళీ లేదు" అన్నారు, గుర్తుందా? అది నేనే.

చెప్పి వస్తే మీరు మేళం పెట్టిస్తారని చెప్పకుండా వచ్చాను. దేముడమ్మ గారు నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. అమృతంలా ఉంది. నేను గ్లాసు కింద పెట్టగానే ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, ఆరో గది తాళం తెచ్చి మీ చేతిలో పెట్టారు. గది చూపిస్తూ సుభద్ర కిటికీ ఇదేనన్నారు మీరు. "నవలలో ఎడమవైపు కదండీ" అన్నాను. "నవల సరిగ్గా చదవలేదమ్మా నువ్వు. బాగా చదువుకుని రావాలి" అని కోప్పడ్డారు. ఇంటికొచ్చి తీసి చూశాను. కుడివైపే రాశాను.

ఆ సాయంత్రం ఒక్కదాన్నీ బాల్కనీలోకి వెళ్లాను. కింద గోనెల మీద బెల్లం దిమ్మలు, అవతల జాతర డప్పులు, పడమట కొండల వెనక్కి దిగుతున్న ఎండ. సుభద్రకి నేను చూపించింది సరిగ్గా అదే. మా ఇంట్లో నా బల్ల ముందున్నది ఉత్త గోడ. ఆ గోడకేసి చూస్తూ రాసిన సాయంత్రం, ఇక్కడ నిజంగా నా మొహం మీద పడుతోంది! నా మాట మీద ఒక మనిషి నిలబడగలడని నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ తోచలేదు. ఆ పిట్టగోడ పట్టుకుని ఏడ్చాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

వెంటనే ఎస్టీడీ బూత్‌కి వెళ్లి ఎడిటరు గారికి ఫోన్ చేశాను. తుఫాను వస్తుంది, లాడ్జి కూలదు. పానకంపేట జనమంతా అందులోనే తలదాచుకుంటారు. ఆయన సణిగారు గానీ ఒప్పుకున్నారు. మీ అన్నయ్యగారు ఏమన్నారో వెంటనే రాయండి. అంతవరకూ నాకు నిద్ర పట్టదు.

మీ ఆరో గది అతిథి,
పద్మకుమారి

తా.క. మర్నాడు పొద్దున్న దేముడమ్మ గారు ఇచ్చిన కాఫీ అచ్చం మా ఇంట్లో తాగినట్టే ఉంది.

మరో తా.క. సీరియల్ చదివి ఒక లాడ్జి ఓనరు బాల్కనీ కట్టించుకున్న కథ రాస్తానంటే ఎడిటరు గారు ఏమన్నారో తెలుసా? "పానకంపేట నమ్మేలా ఉందమ్మా. ఇది మరీ కల్పన. కాస్త సహజంగా రాయండి" అన్నారు.


అనకాపల్లి,
2-4-2004

లక్ష్మీసౌభాగ్యవతి, అపర సరస్వతి పద్మకుమారి గారికి,

అప్పలరమణ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రాయునది. రాసినావిణ్ని పట్టుకుని చదువుకు రమ్మన్నానా! భూమి చీలితే అందులోకి పోదును.

అన్నయ్య జాతర నాడే కాగితాలతో దిగేడు. కూలేలోగా ఒకసారి చూడాలని మీ పాఠకులంతా జాతరకే దిగేరు, అన్నయ్యకి పడుకోడానికి గది లేదు. లాడ్జి నిండిపోయిందని చెప్పేను. బాల్కనీలో మంచం వేసేను. తెల్లారి వెళ్లి చూస్తే పిట్టగోడ మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు. "అమ్మ కూకోడానికి ఇలాటిదొకటి కట్టిత్తానని నాన్న ఎప్పుడూ అంతుండేవోడురా. తూరుపా పడమరా అని తేల్సుకోనేక ఒగ్గీసేడు" అన్నాడు. నేను చిన్నవాణ్ని, ఆ సంగతి నాకు తెలీదు. మా నాన్న తేల్చుకోలేనిది మీరు తేల్చేరు తల్లీ. కాగితాలు అన్నయ్య జేబులోనే ఉండిపోయేయి, ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అమ్మ బోర్డుకి కొత్త రంగు వేయించమని చెప్పి బస్సెక్కేడు.

మీ ఉత్తరం చదివి, వచ్చింది మీరేనట అని దేముడమ్మకి చెబితే, "నాకప్పుడే ఎరిక" అంది! "నవల సదివినోళ్లందరూ మన కాఫీ గలాసు ముక్కు కాడ ఎట్టి వాసన సూసీ తాగుతారు. ఆ మాడిన పాలు ఎవులింటియో ఎరిగినావిడ ఒక్కర్తే సూడకుండా తాగుద్ది. అందుకే తాళం తెచ్చేను" అంది. నాకు ఎందుకు చెప్పలేదే అంటే, "నీ కడుపులో నిలవదు కదా" అంది.

ఇట్లు,
మీ పానకంపేట లాడ్జి ఓనరు,
అప్పలరమణ

తా.క. కొత్త నవలలో ఏమేం కడుతున్నారో ముందుగానే తెలియజేయగలరు. సూర్యనారాయణ ఖాళీగానే ఉన్నాడు.

మరో తా.క. మర్నాడు పొద్దున్న మీ పాలు దేముడమ్మ కావాలనే మాడ్చిందట. "రాసినావిడ రాత అబద్దం అవకూడదు గదా" అంటోంది.