కఫ్ర్ దుల్బాలో మా అత్తగారు

అమ్మాయ్ రుదైనా, క్షేమంగా చేరాను. మోకాళ్ళు మాత్రం బస్సులోనే ఉండిపోయాయి.

ఊరంతా కలిపి నలభై గడపలు. యుద్ధాల్లో మూడుసార్లు తగలబడితే, మూడుసార్లూ అవే రాళ్ళు కడుక్కుని మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారట. "మీ జనాభా ఎంత?" అని ఊరిపెద్ద షేక్ అబూ జైదాన్‌ని అడిగాను. "మొదట్లో ఎంతమందో ఇప్పుడూ అంతేనమ్మా. మనవాళ్ళు పోతే మాత్రం ఎక్కడికి పోతారు? చొక్కా మార్చుకుని ఇక్కడో, మీ ఊళ్ళోనో మళ్ళీ పుడతారు," అన్నాడు. ఇంత ధీమా గల ఊరికి దండం పెట్టాలనిపించింది.

ఇక నేను చూడవచ్చిన పిల్ల లమీస్. మా అత్తగారు పోయిన రోజునే పుట్టింది, ఐదేళ్ళు. గుమ్మంలో నన్ను చూడగానే నడుం మీద చెయ్యి వేసింది.

"నువ్వు మా షిబ్లీ పెళ్ళానివి. ఇన్నాళ్ళకా రావడం? మాతే టీలో పంచదార ఇంకా అలాగే కుమ్మరిస్తున్నావా?"

"నువ్వెవరే నన్నడగడానికి?" అన్నాను.

"నా వెండి గొట్టం పొయ్యి వెనక గోడలో, కదిలే రాయి చాటున దాచాను. నీ కంట పడకూడదనే!"

ఆవిడ మాతే తాగే ఆ గొట్టం కోసం అప్పట్లో మనం ఇల్లంతా గాలించాం, గుర్తుందా? ఆ రాయి కదిపి చూసి వెంటనే జవాబు పంపు. ఆలివ్ జాడీల్లో ఉప్పునీళ్ళు మార్చావా? మేకను అంజూరపు మొక్క దగ్గర కట్టకు.

పిల్లలకు ముద్దులు, నీకు దీవెనలు. గొట్టం గనక దొరికితే ఈ వయసులో నాకు మళ్ళీ అత్తగారొచ్చినట్టే. నువ్వు మరీ అంత నవ్వకు.

మీ అత్త,
నాయిఫా