గురువారం క్లాసు, వెనక వరుస

యూ టీ,
ఆగస్టు 16

ప్రియమైన అన్నయ్యకు,

ఓడ మీద ఎలా ఉన్నావు? అమ్మ ఫోనుకి వారానికోసారి నువ్వు పంపే పువ్వుల బొమ్మలు చూసి, బతికే ఉన్నావని సరిపెట్టుకుంటున్నాం. ఏడాదిన్నరగా నీ గొంతు వినలేదు. సముద్రంలో సిగ్నల్ ఉండదంటావు, సరే. నీ ఫ్రెండు గణపతి అన్న మాత్రం నా ఉత్తరాన్ని ఓడకు వెళ్లే సంచిలో వేయిస్తానన్నాడు. షిప్‌యార్డులో పని కదా, వాళ్లకి దారులు తెలుస్తాయిట. ప్రతి ఆదివారం భోజనానికి వస్తాడు కాబట్టి ఇటువీ అటువీ తనే మోస్తాడు.

విషయం ఏమిటంటే, మా స్కూలు నుంచి నలుగురిని యూనివర్సిటీలో ఒక కోర్సు చదవడానికి ఎంపిక చేశారు. అందులో నేనొకదాన్ని. స్కూలు చదువు స్కూలుదే, గురువారం సాయంత్రం మాత్రం పెద్దవాళ్లతో క్లాసు. నేను చరిత్ర అడిగాను. నాన్న పట్టుబట్టి స్టాటిస్టిక్స్ రాయించారు. మూడేళ్ల కిందట నువ్వూ స్కూల్లో ఉండగా చదివింది అదేగా. నువ్వు పాసయ్యావని నాన్న తెలుగు సమాజం వాళ్లందరికీ లడ్డూలు పంచారు, గుర్తుందా? ఇప్పుడు నా పేరు కూడా అప్పుడే గ్రూపులో పెట్టేశారు.

మొదటి క్లాసులో నూటఎనభై మంది. నా పేరు ఎవరికీ తెలీదు, నేను వచ్చానో లేదో ఎవరూ చూడరు. ఎలా చదవాలో చెప్పు.

అన్నట్టు మీ ఓడ కొలంబోలో ఆగిందటగా, నాన్న చెప్పారు.

జవాబు కోసం కాచుకున్న
నందిత


ఓడ నుంచి,
ఆగస్టు 23

నందూ పిల్లా,

గొప్పదానివయ్యావే. ఇక నా మాట శ్రద్ధగా విను.

మొదటి రోజు ఇచ్చిన కోర్సు కాగితం ఉంటుంది. దాన్ని పాఠ్యపుస్తకంలా చదువు. అందులో ఉన్న తేదీలన్నీ, స్కూలు పరీక్షల తేదీలతో కలిపి ఒకే కాగితం మీద రాసి నీ బల్ల ముందు అంటించుకో. స్కూల్లోలాగా అక్కడ ఎవరూ గుర్తుచేయరు. గంట పాఠానికి రెండు గంటలు ఇంట్లో కూర్చోవాలి. రెండు పరీక్షలు ఒకే వారంలో పడితే ముందే ఇద్దరు టీచర్లకీ చెప్పు, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. లెక్చరరు మంగళవారాలు తన గదిలో కూర్చుంటారు. తెలియనిది అడగడానికి వెళ్లు. వెళ్తే చులకన అవుతామని మనవాళ్లు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

అన్నిటికంటే ముఖ్యం, ఆ మార్కు చెరగదు. స్కూలు మార్కులా కాదు, తరవాత ఏ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టినా వెంట వస్తుంది.

ముందు వరుసల్లో కూర్చో. వెనక తలుపు చప్పుడైనా తిరిగి చూడకు.

కొలంబో సంగతి నాన్నకు ఎవరు చెప్పారు?

నీ మంచి కోరే
శశికాంత్


యూ టీ,
సెప్టెంబరు 6

ప్రియమైన అన్నయ్యకు,

నీ కాగితం అంటించాను. అయినా క్విజ్‌లో ఇరవైకి నాలుగు వచ్చాయి. ఇంట్లో చెప్పలేదు.

ఇంకోటి ఉంది, నవ్వకు. రెండో వరుసలో చివరి కుర్చీ మీద ప్రతి గురువారం ఒక టిష్యూ ప్యాకెట్ ఉంటుంది. ఇక్కడ సీటు ఆపుకోవడానికి అందరూ పెట్టేదే, దాన్ని ఎవరూ ముట్టుకోరు. కానీ ఆ కుర్చీలోకి ఎవరూ రావడం లేదు. ఇది చైనావాళ్ల ఏడో నెల, పోయినవాళ్లు తిరిగే నెల. మా స్కూలు నుంచి నాతో వచ్చే అమ్మాయి హుయ్ మిన్ "అది చోప్ చేసిన సీటు లా, ఎవరో ఆపుకున్నారు, నీకెందుకు, కూర్చోకు" అంది. మొన్న హాలంతా నిండిపోయి వేరే దారిలేక కూర్చున్నాను. బల్ల లోపల కాగితాలున్నాయి. నేను క్విజ్‌లో తప్పు చేసిన లెక్కలు, ఒక్కొక్కటీ పూర్తిగా చేసి. టైపు చేసిన కాగితాలు, పేరు లేదు.

అది కూడా పోనీ అనుకుందాం. వెనక వరుసల్లోంచి ఎవరిదో గొంతు వస్తుంది, చాలా మెల్లగా. లెక్చరర్ జోకు వేయబోతే, ఆయన చెప్పకముందే ఆ మాటలు అక్కడినుంచి వినిపిస్తాయి. తరవాత ఆయన అచ్చంగా అవే అంటారు, అందరూ నవ్వుతారు. నాకు నవ్వు రావడం లేదు. నువ్వు చెప్పావని తిరిగి చూడలేదు.

మీ ఓడ మొంబాసా దాటిందని నాన్న నిన్న తెలుగు సమాజం సుధాకరరావు అంకుల్‌కి చెబుతున్నారు. అక్కడ ఎండలు ఎలా ఉన్నాయి?

భయపడుతున్న
నందిత


ఓడ నుంచి,
సెప్టెంబరు 13

నందూ,

నాలుగు మార్కులకి కొంప మునగదు. కానీ కోర్సు కాగితంలో ఒక తేదీ ఉంది చూడు, సెప్టెంబరు 26. ఆ రోజులోపల మానుకుంటే మార్కు పడదు, పేరు కొట్టేస్తారు, అంతే. దాటితే చచ్చినట్టు రాయాలి, లేదా ఫెయిలు. లెక్చరర్‌నీ, స్కూల్లో ఈ కోర్సు చూసే టీచర్‌నీ కలిసి మాట్లాడు. పరువు అని కూర్చోకు. లడ్డూలు తిన్నవాళ్లు ఎవరూ నీ పరీక్ష రాయరు.

గొడుగు పోయిందని అమ్మ దగ్గర దాచకు, కొత్తది కొనుక్కో. గురువారం అంత వానలో తడిసి వెళ్లావు.

ఒక్క మాట నిజంగా చెప్పు. మొంబాసా అని నాన్నతో ఎవరన్నారు? నేను ఏ ఊరి పేరూ ఎవరికీ రాయలేదు. గణపతిని అడిగాను, తనూ చెప్పలేదు. మ్యాపు తీసి చూశాను. ఇక్కడ బయలుదేరిన ఓడ కొలంబో మీదుగా సరిగ్గా అన్ని రోజులకే మొంబాసా చేరుతుంది. నాకు ఒళ్లు జలదరించింది.

శశికాంత్


యూ టీ,
సెప్టెంబరు 14

అన్నయ్యా,

నీ ఉత్తరం గణపతి అన్న తెచ్చి ఇచ్చింది ఇవాళే, అందుకే భోజనం అయ్యేదాకా అతన్ని కూర్చోబెట్టి జవాబు రాస్తున్నాను.

గొడుగు పోయింది మొన్న గురువారం, పదకొండున. హాల్లో మరిచిపోయాను. ఎవరికీ చెప్పలేదు. నువ్వు సముద్రంలో ఉండి నేను తడవడం ఎలా చూశావు?

గణపతి అన్నని అడిగితే పులిహోర మెచ్చుకుంటూ తేలు కుట్టిన దొంగలా తలవంచుకున్నాడు.

వెనక్కి తిరిగి చూడాలని ఉంది. నువ్వు జవాబిచ్చేదాకా ఆగుతాను.

నందిత


సెంబవాంగ్,
సెప్టెంబరు 20

నా చిట్టి చెల్లికి,

పై ఊరు చూశావుగా, మన ఇంటికి ఐదు స్టేషన్ల అవతల. ఓడ లేదు. ఎప్పుడూ లేదు.

మూడేళ్ల కిందట నేను ఆ కోర్సులో ఫెయిలయ్యాను. క్విజ్‌లో నాకు మూడు వచ్చాయి, నీకంటే ఒకటి తక్కువే. మానుకునే తేదీ తెలుసు. ఆ సాయంత్రమే నాన్న సమాజంలో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఇంక ఏం మానను? క్లాసుకి వెళ్లడం మానేశాను, పాసయ్యానని చెప్పాను. ఆ ఫెయిలు తరవాత ప్రతి దరఖాస్తులోనూ కూర్చుంది. ఎక్కడా సీటు రాలేదు. ఒక అబద్ధాన్ని కప్పడానికి ఓడంత అబద్ధం కావలసి వచ్చింది.

గణపతికి తెలిసినవాళ్ల ఇంట్లో గది తీసుకుని, పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నాను. గురువారం సాయంత్రమైతే నా కాళ్లు ఆ హాలుకి వెళ్తాయి. అంతమందిలో ఎవరూ అడగరు. ఎక్కడ తప్పానో చూసుకుని వచ్చేద్దామని మొదటిసారి వెళ్లాను. ఇప్పుడా పాఠం వినడం నాలుగోసారి. జోకులు నా నోటికి వాటంతటవే వచ్చేస్తాయి, నేను అంటున్నానని నువ్వు రాసేదాకా నాకు తెలీదు. నీకోసం ఆ సీటు ఆపిన టిష్యూ నాదే, లెక్కలూ నావే. నీ పేపరు మీద నాలుగు చూశాను, నువ్వు దాన్ని మడిచి సంచిలో దాచుకోవడమూ చూశాను. నన్ను నేను చూసుకున్నట్టు ఉంది.

నిన్ను భయపెట్టినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. కోర్సు మానుకో. వెనక్కి మాత్రం తిరగకు. నువ్వు చూస్తే నేను తట్టుకోలేను.

అన్నయ్య


యూ టీ,
సెప్టెంబరు 27

అన్నయ్యకు,

నీ మాట వినలేదు. గురువారం వెనక్కి తిరిగి చూశాను. నువ్వు తలెత్తలేదు. గడ్డం పెరిగి, బల్ల మీదికి వంగి, లెక్చరర్ అన్న ప్రతి ముక్కా రాసుకుంటున్నావు. నీకు పరీక్ష లేదు, పేరు లేదు, అయినా అందరికంటే వేగంగా రాస్తున్నావు. నేను చాలాసేపు చూశాను. పక్కవాళ్లు నన్ను చూశారు గానీ నువ్వు చూడలేదు. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు.

నిన్న మానుకున్నాను. లెక్చరర్ ఐదు నిమిషాల్లో సంతకం పెట్టి, స్కూలు పరీక్షలయ్యాక మళ్లీ రమ్మన్నారు. జనవరిలో చరిత్ర తీసుకోవచ్చని మా టీచర్ అంది. ఇంతే. దీనికోసమా నువ్వు మూడేళ్లు పోగొట్టుకున్నావు?

భోజనాల దగ్గర చెప్పేశాను. అమ్మ "పోనీలేవే" అంది. తిన్నాక నాన్న అపార్టుమెంటు కిందికి రమ్మని, అక్కడి బల్లల దగ్గర కూర్చోబెట్టి అడిగారు.

"వాడు ఇంకా వెనక వరుసలోనే కూర్చుంటున్నాడా?"

నాన్నకి తెలుసు అన్నయ్యా. ఏడాది కిందట క్రాంజీ స్టేషన్లో నిన్ను చూశారుట. పిలవబోయి ఆగిపోయారుట. నీ వెనకే రైలెక్కి, యూనివర్సిటీదాకా వచ్చి, హాలు బయట నిలబడి పాఠం మొత్తం విన్నారుట. "పిలిస్తే ఓడ లేదని ఇద్దరం ఒప్పుకోవాలి కదమ్మా. సిగ్గుతో ఇంకెక్కడికైనా పోతాడేమోనని భయం వేసింది" అన్నారు. అందుకని ఓడని ఆయనే నడుపుతున్నారు. మ్యాపు చూసి, రోజులు లెక్కపెట్టి, కొలంబో ఆయనదే, మొంబాసా ఆయనదే. నీ ఓడ ఏదని ఎవరూ అనుమానపడకూడదని.

నన్ను ఆ క్లాసులో చేర్పించింది కూడా అందుకే. నేను నీ కంట పడితే నువ్వే వచ్చి పలకరిస్తావని. నాకు స్టాటిస్టిక్స్ వస్తుందో రాదో ఆయన ఆలోచించలేదు. నన్ను ఎరగా వేశారని మొహం మీదే అన్నాను. కాదనలేదు, కళ్లు తుడుచుకున్నారు. మీ ఇద్దరి మీదా నాకు చెప్పలేనంత కోపంగా ఉంది. ఒకరు లేని ఓడ ఎక్కుతారు, ఒకరు దాన్ని నడుపుతారు, మధ్యలో నేను నాలుగు మార్కులతో కూర్చున్నాను.

అమ్మకు మాత్రం ఏమీ తెలీదు. మన ఇంట్లో ఆ ఓడని నిజంగా నమ్మింది తనొక్కతే. మొంబాసా అవతల తుఫానుందని ఎక్కడో చదివి మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు. ఇవాళ పొద్దున కూర తరుగుతూ నన్ను అడిగింది, "ఓడ మునిగిపోతే ఆ కంపెనీవాళ్లు మనకు ఫోన్ చేస్తారా, ఉత్తరం రాస్తారా?" అని. నాన్న లేచి బయటికి వెళ్లిపోయారు.

ఆయన చెప్పరు. నేనూ చెప్పను, అది నా వంతు కాదు. సెంబవాంగ్ నుంచి యూ టీకి రైల్లో ఎంతసేపు? రేపు గణపతి అన్న ఈ ఉత్తరం నీ చేతిలో పెట్టగానే వచ్చి నువ్వే తలుపు కొట్టు. తీసేది అమ్మే.

నందిత