ఎడారిలో పెట్టిన దండం

జైసల్మేర్

వదినగారికి, మేం క్షేమంగా ఉన్నాం, బెంగ పెట్టుకోకండి.

అమ్మాయి రాగసుధా, సెలవు పెట్టి తనతో వచ్చిన ఆఫీసు స్నేహితులూ సరదాకి ఇసుకలో బోర్లా పడుకుని పాముల కోసం, ఉడుముల కోసం కలుగులు చూస్తుంటారు. వెనక నేనొక్కదాన్నే కూర్చుంటాను. నిన్న ఒక పాము బయటికొచ్చింది. అలవాటుగా చేతులు జోడించి ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పుకుంటుంటే వాళ్ళలో కాశిఫ్ అనే అబ్బాయి, "ఆంటీ, జర మెల్లగ మొక్కుండ్రి, లోపలికి పోతది" అన్నాడు. అప్పటికే మీ తమ్ముడి పేరు దగ్గర నా నోరు ఆగిపోయింది.

మా అమీర్‌పేట ఫ్లాటులో తులసికి నీళ్ళు పోస్తున్నారా? పాలవాడు రావడం మానేశాడా? పిల్లలకు నా దీవెనలు.

ఆయన పోయి ఏడాది నిండలేదు గనక మాకు పండగల్లేవు. నాగుల చవితికి మీరు పుట్టలో పాలు పోసేటప్పుడు నా పేరూ రాగసుధ పేరూ చెప్పండి. ఆయన పేరు పైకి అనకూడదంటే మనసులోనైనా అనుకోండి.

మీ మరదలు
ఉదయలక్ష్మి