రజిత పట్టిన చేప

జూన్ 2021, ఆదివారం రాత్రి

ఆసుపత్రి నుంచి వచ్చాక నా భార్య రజిత ఇవాళే మొదటిసారి గడప దాటింది. ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు తాపీ నది ఒడ్డుకు తీసుకెళ్తానని మాటిచ్చాను. పొద్దున్నే బండి మీద వెళ్లాం.

వానపామును గాలానికి గుచ్చడం తనకు నచ్చదు. అందుకే లాక్‌డౌన్‌తో నేను పనిచేసే జోల్వాలో మగ్గాలు ఆగిపోయిన రోజుల్లో, వీడియోలు చూసి దారంతో, కోడి ఈకతో ఉత్తుత్తి పురుగులు కట్టడం నేర్చుకున్నాను. గాలం దారానికి బరువైన పురుగు ముందు, తేలికది దాని వెనక కట్టాలి. రాళ్ల మధ్య నీరు ఉరికే చోటికి ఎగువన విసిరి, ప్రవాహంతోపాటు దొర్లనివ్వాలి.

గాలం కర్ర తన చేతికిచ్చాను. "గుంజకు రజితా. దారం ఆగినట్టు అనిపిస్తే లేపు."

ఆగింది. లేపింది. పసుపు పొలుసుల చేప, మూరెడు పొడవు! తను అంతగా నవ్వి ఎన్నాళ్లయిందో. ఫోటో కోసం చేపను ఒడ్డుకు తెచ్చాను. అది నోరు తెరిచి మూస్తోంది. రజిత నవ్వు ఆగిపోయింది.

"దానికి దమ్ము ఆడుతలేదయ్యా. జల్ది నీళ్లల్ల ఇడ్సిపెట్టు."

గాలం తీసి, నీళ్లలో దాని తలను ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాను. తనూ దిగి నా చేతుల కింద చేతులు పెట్టింది.

"జర ఆగు. దానంతట అదే పోతది."

మొప్పలు కదిలాయి. ఒక్క ఉదుటున వెళ్లిపోయింది.

ఒడ్డెక్కేసరికి రజితకు ఆయాసం వచ్చింది. మూడో వేవ్ వస్తుందంటున్నారు, మళ్లీ గనక... తన ఊపిరి కుదుటపడేదాకా చెయ్యి పట్టుకుని ఆ రాళ్ల మీదే కూర్చున్నాను.