తీగ మీది నల్లపూస

జూన్ 3, మంగళవారం

పెద్దమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. మెడలో బటన్ ఉంది. అది నొక్కితే హాల్లో ఉన్న బాక్స్ నా ఫోన్‌కి కాల్ చేయాలి. ఏడుసార్లు నొక్కిందట. నా ఫోన్ మోగలేదు. గంటన్నర తర్వాత పక్కింటి టైలర్‌కి ఆవిడ కేకలు వినపడి తలుపు బద్దలుకొట్టాడు.

ఎముక విరగలేదు. తుంటి దగ్గర కమిలింది. ఆ గంటన్నరా నేను ల్యాబ్‌లో ఎవరిదో వైర్‌లెస్ డోర్‌బెల్ ముందు కూర్చుని, దాని సిగ్నల్ పక్కవాళ్ళ వస్తువులకి అడ్డం పడుతుందేమో కొలుస్తున్నాను. నా ఉద్యోగం అదే. వస్తువు మార్కెట్లోకి వెళ్ళేముందు దాని రేడియో గోల హద్దులో ఉందో లేదో చూసి సంతకం పెట్టడం. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

జూన్ 4, బుధవారం

బటన్ బాగానే ఉంది. బ్యాటరీ కొత్తదే. బాక్స్‌కీ ఏమీ కాలేదు.

పెద్దమ్మ మంచం మీద నుంచే, ముందు ఆ ల్యాంప్ సంగతి చూడవే అంది. అది ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి నా రేడియో గుర్రుమంటోందని ఎన్నిసార్లు మొత్తుకున్నాను అంది. నిజమే, మొత్తుకుంది. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేసిన మనిషి. లైన్లో చీమ పాకినా వినే చెవులు ఆవిడవి. నేనే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

ల్యాంప్ ఆర్పితే బటన్ పనిచేసింది. వెలిగిస్తే నోరు మూసుకుంది. పదిసార్లు చూశాను, పదిసార్లూ అంతే.

ఫోన్ పైన పెడితే వైర్ లేకుండా చార్జ్ చేసే టేబుల్ ల్యాంప్ అది. కొనిచ్చింది నేనే. మా ల్యాబ్‌లో పాసైంది, నిశ్చింతగా వాడుకో అని చెప్పి మరీ ఇచ్చాను. ఆ రిపోర్టు కింద సంతకం నాది.

జూన్ 5, గురువారం

షాపులో అదే ల్యాంప్ ఇంకో రెండు కొని ల్యాబ్‌లోని టెస్ట్ చాంబర్‌లో పెట్టాం. రెండూ ఫెయిల్. లిమిట్ కంటే తొమ్మిది డెసిబెల్స్ ఎక్కువ, అదీ సరిగ్గా బటన్ వాడే ఫ్రీక్వెన్సీ దగ్గర.

ఒళ్ళు మండిపోయింది. టెస్ట్‌కి ముద్దుగా చేసిన పీస్ పంపి, జనానికి ఈ చెత్త అంటగడతారా? కంపెనీ మేనేజర్‌ని కడిగేద్దామని ఫోన్ తీశాను. మా టెక్నీషియన్ ఆపాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, ల్యాబంతా ఆయన్ని యాంటెన్నా అనే పిలుస్తుంది. తిట్టేముందు అప్పటి టెస్ట్ ఫొటోలు ఒకసారి చూడండి మేడమ్ అన్నాడు. ఆయనకి అప్పటికే అనుమానం వచ్చినట్టుంది.

అదే రోజు, సాయంత్రం 6:40

పదకొండో ఫొటో. ల్యాంప్ వైర్ మీద నల్లపూస.

నల్లపూస అంటే ఫెర్రైట్ క్లిప్. వైర్‌కి తగిలించే చిన్న నల్లటి గుండు. వైర్లోంచి బయటికి పోయే గోలని మింగేస్తుంది. ఆ పేరు యాంటెన్నాయే పెట్టాడు. గోల ఎటునుంచి వస్తోందో పట్టుకోవడానికి తగిలించి చూస్తాం. చూశాక తీసేసి, అప్పుడు అసలు టెస్ట్ చేస్తాం.

ఫొటోలో దాని మీద ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క ఉంది. ఎవరూ ఎత్తుకుపోకుండా నా పూసలకి నేనే పెట్టుకునే గుర్తు.

తగిలించాను. తీయడం మర్చిపోయాను. పాస్ అని రాసి సంతకం పెట్టాను.

కంపెనీవాళ్ళు ఏ మోసమూ చేయలేదు. పెద్దమ్మని గంటన్నర నేలమీద కూర్చోబెట్టింది నేను.

జూన్ 9, సోమవారం

ల్యాబ్ హెడ్‌కి అంతా చెప్పాను. ఆయన తలుపు వేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు. తర్వాతి బ్యాచ్‌కి ఆ పూస పెట్టమని కంపెనీకి సలహా ఇద్దాం, పాత ఫొటోలు ఎవరు చూడొచ్చారు, మీ గొయ్యి మీరే తవ్వుకుంటారా అన్నాడు. ఇప్పటికే అమ్మినవి రెండువేల వంద ఉన్నాయి సార్, వాటి పక్కన ఎవరెవరి బటన్లున్నాయో మనకి తెలుసా అన్నాను. సంతకం పెట్టే అధికారం పోతుంది, ఆలోచించుకోండి అన్నాడు.

ఆలోచించుకునే వచ్చానన్నాను.

జూన్ 10, మంగళవారం

రిపోర్టు రద్దు చేయమని ల్యాబ్ హెడ్‌కి లెటర్ పంపాను. కాపీ కంపెనీకి కూడా.

జూన్ 16, సోమవారం

కంపెనీ మేనేజర్ ఫోన్లో నలభై నిమిషాలు ఉతికి ఆరేశాడు. తప్పు నాది, పడాల్సిందే. చివర్లో మాత్రం, మా నాన్నగారికీ అలాంటి బటనే ఉందండీ అన్నాడు. అమ్మినవన్నీ వెనక్కి పిలుస్తున్నారు. కొత్త వైర్లో పూస లోపలే ఉండేలా మార్చి మళ్ళీ టెస్ట్‌కి పంపుతారట.

ఆరు నెలలు నాకు సంతకం లేదు. సరే. పని మాత్రం ఉంది. షాపుల లిస్టు ముందేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను.

పెద్దమ్మ ఫోన్ చేసింది. రేపొస్తానన్నాను.

జూన్ 27, శుక్రవారం

రీటెస్ట్. వైర్ మీద ఏమీ లేదని యాంటెన్నా అంగుళం అంగుళం తడిమి చూశాడు. నేనూ తడిమాను. ఇద్దరం కలిసి ఇంకోసారి తడిమాం. పాస్, నాలుగు డెసిబెల్స్ మార్జిన్‌తో. సంతకం వేరే ఆవిడ పెట్టింది. పక్కన నిలబడి చూశాను. కాస్త గుచ్చుకుంది.

ఇంకా నాలుగొందల ల్యాంపులు వెనక్కి రాలేదు. వదలను.

కొత్త ల్యాంప్ ఒకటి యాంటెన్నా చేత పెద్దమ్మకి పంపాను. నువ్వు రావా అని అడిగిందట. రేపు తప్పకుండా వస్తానని చెప్పించాను.

జూలై 3, గురువారం, మధ్యాహ్నం 12:10

11:20కి ఫోన్ మోగింది. బటన్. చాంబర్ తలుపు కూడా వేయకుండా పరిగెత్తాను.

పెద్దమ్మ కుర్చీలో నిక్షేపంగా కూర్చుని ఉంది. పక్కన పట్టపగలు ల్యాంప్ వెలుగుతోంది. ఏమైంది పెద్దమ్మా అంటే, ఏమీ కాలేదే, నల్లపూసైపోయావు కదా, ఇలా నొక్కితేనన్నా వస్తావేమోనని అంది.

వచ్చాను. ఇక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను.