సొరకాయకు కట్టిన తాళంచెవి

స్తుతీ,

అన్నం కుక్కర్లో ఉంది. పప్పు వేడి చేసుకొని తిను. నిన్నటిలా పిల్లికి పెట్టి నేనే తిన్నానని చెప్పకు, అది రోజురోజుకూ బలుస్తోంది.

నీ ఎం.ఎస్సీ. పుస్తకాల కోసం ఇల్లంతా వెతకకు. అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవిని మన పెరటి సొరకాయ తొడిమకు దారంతో కట్టి, ఆ కాయను చర్చిలో కోత పండుగ కానుకల్లో పెట్టి వచ్చాను. సాయంత్రం ఆ కానుకల వేలం. పుస్తకాలు కావాలంటే వెళ్లి పాట పాడి గెలుచుకో.

తేలిగ్గా దొరకదు. పోటీగా పాట పెంచమని నీ స్నేహితులు ఆరాధనకూ జోయల్‌కూ చెప్పాను. నిన్న కూరగాయల మార్కెట్లో ఆరాధన నన్ను ఆపి, "సార్, స్తుతి ఉన్నదా, పుస్తకంల కలిసిపోయిందా? ఫోన్ చేస్తే ఎత్తుతలేదు" అని అడిగింది. ఈ ఉపాయం నాకు అక్కడే తట్టింది. అమ్మ పోయాక నువ్వు క్లాసులకు తప్ప గడప దాటలేదు. పరీక్షలకు ఇంకా చాలా రోజులున్నాయి. ఒక్క సాయంత్రం నువ్వు చదవకపోతే యూనివర్సిటీ మూతపడదు.

బడి వదలగానే నేనూ అక్కడికే వస్తాను. తాళం పగలగొట్టే ఆలోచన ఉంటే మానుకో, సుత్తి నా సంచిలోనే ఉంది.

బాపు

మరిచాను. డబ్బులు బైబిల్ పక్కన పెట్టాను. ఆ సొరకాయ అమ్మ పెట్టిన పాదుకు కాసిన ఆఖరి కాయ. ఏటా తనే కానుక ఇచ్చి, తనే పాట పాడి ఇంటికి తెచ్చుకునేది. ఈసారి ఎవరికీ పోనివ్వకు బిడ్డా. నేను పాడుదామంటే గొంతు లేవదు.