అత్తగారి గిన్నె ఖాళీ

ముజుజు ఆసుపత్రి నుంచి

ప్రియమైన తావొంగా,

ముందు నీకు కావలసిన మాట చెప్తాను. మీ అమ్మ బతికే ఉంది. టైఫాయిడ్‌తో చిల్లుపడ్డ పేగు ముక్కని కోసి తీసేసి, మిగతాది కలిపి కుట్టారు. ఇక నోటితో తినొచ్చన్నారు.

ఇక్కడ సిస్టర్ చిర్వా అని ఒక నర్సు ఉంది, ఆవిడ నోటికి తాళం లేదు. "కోత పెద్దది. లోపలి కుట్టు మానాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి. ఉత్తి జావ నీళ్ళు తాగించి చేతులు దులుపుకోకు. పల్లీ పొడి, గుడ్డు, ఎండు ఉసిపా చేపల పొడి కలిపి, కొంచెం కొంచెంగా మాటిమాటికీ పెట్టు," అని నామీద అరిచింది. మీ అన్నదమ్ములు జొహనెస్‌బర్గ్ గనుల్లో ఉన్నారు. నిండు నెలలకి దగ్గరపడ్డ నిన్ను బస్సెక్కనివ్వరు. ఇక మిగిలింది నేనే కదా!

రోగుల తాలూకు వాళ్ళు వండుకునే పాకలో ఉన్నవాళ్ళందరూ ఆడవాళ్ళే. "చూడండే, అత్తకి అల్లుడు జావ కాస్తున్నాడు! ఇంకేం, లోకం తలకిందులైంది," అని పకపకా నవ్వారు. "ముందు మీ కుండలు మాడుతున్నాయి, చూసుకోండి," అన్నాను.

పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ నాకెదురుపడింది లేదు. నేను దారిలో కనిపిస్తే పొలంలోకి దిగిపోయే మనిషి. అందుకే అత్తా అల్లుడూ మొహమొహాలు చూసుకోకూడదనే మన తుంబుకా జాతి మర్యాద తప్పకుండా గిన్నె మంచం పక్కన పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంటున్నాను. పక్క మంచంలో కాలు విరిగిన న్యామ్హాంగో ఉంది. "జావ బాగుందట అల్లుడూ," అని మీ అమ్మ మాట ఆవిడే అందిస్తుంది. గిన్నె నాకినట్టు ఖాళీగా వస్తోంది. నర్సు కూడా 'బాగా తింటోంది' అని రాసుకుంది. నువ్వు దిగులు పడకు.

నీ
యోతాము

*

రుంఫి నుంచి

ప్రియమైన లుసుంగు నాన్నగారికి,

పాస్టరుగారి భార్య అమ్మని చూసి వచ్చింది. "మీ అమ్మ చేతులు చీపురు పుల్లల్లా ఉన్నాయి. మీ ఆయన మాత్రం నున్నగా ఉన్నాడు," అంది. నా ఒళ్ళు మండిపోయింది.

నా కోళ్ళు పెట్టిన గుడ్లన్నీ మన బిడ్డ లుసుంగుకి కూడా పెట్టకుండా బస్సు కండక్టరు చేత పంపిస్తున్నాను. అవన్నీ ఎవరి పొట్టలోకి పోతున్నాయండీ? ఆసుపత్రిలో రోగి పేరు చెప్పి పక్కనున్నవాళ్ళు మెక్కుతారని ఊరంతా అంటుంటే ఎక్కడో అనుకున్నాను, మా ఇంట్లోనే అన్నమాట! కన్నతల్లి అక్కడ ఎండిపోతుంటే నేనిక్కడ పొట్ట పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ఇకనుంచి గిన్నె అక్కడ పడేసి పారిపోకండి. ఖాళీ అయ్యేదాకా దగ్గరే కూర్చోండి, కదలకండి.

కోపంతో
తావొంగా

*

ముజుజు నుంచి

ప్రియమైన తావొంగా,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను.

దొంగనా నేను? గుమ్మడాకు కూరతో మొక్కజొన్న న్సిమా ముద్ద మింగి నేల మీద పడుకుంటున్న నన్ను పట్టుకుని, మెక్కుతున్నావంటావా? ఏనాడు పారిపోయాను? రోజూ గిన్నె ఖాళీ అయ్యేదాకా అక్కడే ఉంటున్నాను. నువ్వు రాశావని మంచానికి ఇంకా దగ్గరగా జరిగాను. గిన్నెలో చెంచా చప్పుడు నా చెవులతో విన్నాను.

అయినా నిన్న సిస్టర్ చిర్వా మీ అమ్మ జబ్బకి కొలత పట్టీ చుడితే కిందటిసారి కన్నా ఇంకా సన్నబడిందని తేలింది. పాదాలు నీరు పట్టాయి. కోత ఒకచోట విచ్చుకుని చీము కారుతోంది. మళ్ళీ తెరిచి శుభ్రం చేయాలట. "ఈ ఒంటితో కత్తి పెడితే బల్లమీదే పోతుంది. ముందు తిని బలం తెచ్చుకోవాలి," అన్నాడు డాక్టరు.

అప్పుడా నర్సు వార్డంతా వినేలా, "రోగి తిండి మింగే తోడేళ్ళు మాకు కొత్త కాదు," అంది. మీ అమ్మ ఒక్క మాట అనలేదు. "నా అల్లుడు అలాంటివాడు కాదు," అని న్యామ్హాంగో చేతనైనా చెప్పించకూడదూ? ఆ మౌనం నన్ను కాల్చేసింది.

యోతాము

*

రుంఫి నుంచి

ప్రియమైన మీకు,

మీ కోపం, నా కోపం తర్వాత చూసుకుందాం. అమ్మ నోరు విప్పలేదంటే అందులో ఏదో ఉంది. గోడని చూసింది చాలు. ఇటు తిరిగి ఆవిడని చూడండి. పాపమంటూ ఉంటే నాకే చుట్టుకోనివ్వండి.

అమ్మని నాకు మిగల్చండి.

మీ తావొంగా

*

ముజుజు నుంచి

ప్రియమైన తావొంగా,

తిరిగి చూశాను.

మీ అమ్మ గిన్నె న్యామ్హాంగో ఒళ్ళో ఉంది! ఆవిడ నీ గుడ్లు, నా పల్లీ పొడి సుష్టుగా లాగించేస్తోంది. "సిగ్గు లేదా?" అని అరిచాను. "నన్నంటావేం నాయనా? గిన్నె మిగిలితే నువ్వు నొచ్చుకుంటావని మీ అత్తే బతిమాలి పెడుతోంది. అల్లుడు మూరెడు దూరంలో కూర్చుంటే నోరెలా తెరుస్తుంది? నువ్వు నీళ్ళకి పోయినప్పుడు రెండు గుక్కలు తాగుతుంది, అంతే. ఈమధ్య అదీ లేదు, నువ్వు కదలట్లేదుగా!" అంది.

వీపు తిప్పితే చాలనుకున్నాను తావొంగా. నేనెంత శ్రద్ధగా కాపలా కాస్తే ఆవిడ అంతగా పస్తులుంది. నర్సుకి ఖాళీ గిన్నె కనిపిస్తే చాలింది. డాక్టరు అడిగితే, నేను పక్కనే ఉన్నానని, 'తింటున్నాను' అని తలూపిందట. మర్యాద కోసం చచ్చిపోతారా ఎవరైనా!

నాకు తిక్కరేగింది. మన వంశంలో ఏ అల్లుడూ చేయని పని చేశాను. అత్త మొహంలోకి చూస్తూ అరిచాను. "మీ కూతురు నన్ను దొంగంటోంది. ఈ వార్డంతా దొంగంటోంది. మీరు పోతే హంతకుడంటారు. ఈ మర్యాద నాకొద్దు. ఆచారం ప్రకారమే రెండువైపుల పెద్దల్నీ పిలిపించి, కోడిని కోసి, ఇద్దరం కలిసి తిని, ఈ చాటు తీసేసుకుందాం," అన్నాను.

మీ అమ్మ దుప్పటి పక్కకి తోసి నావైపు తిరిగింది. తర్వాత, న్యామ్హాంగోతో కాదు, నాతోనే మాట్లాడింది. "పెద్దలు రుంఫి నుంచి వచ్చేసరికి నేనుండను. ఈ వార్డులో ముసలివాళ్ళకి కొదవా? వీళ్ళే పెద్దలు. కోడి లేకపోతే గుడ్డుందిగా. ముందు నువ్వు తిను అల్లుడూ."

అన్ని మంచాల మీదివాళ్ళూ చూస్తుండగా ఆవిడ జావలోంచి ఒక చెంచా తిన్నాను. సరిగ్గా అప్పుడే వచ్చింది సిస్టర్ చిర్వా. "దొరికాడు దొంగ!" అంది. నా నోటినిండా గుడ్డు, ఏం చెప్పను?

మీ అమ్మ మోచేతి మీద లేచింది. ఆ ఎముకల గూటిలో అంత గొంతు ఎక్కడ దాగిందో! "ఎవరే దొంగ? నా అల్లుడు. నేనే పెట్టాను. ఇన్నాళ్ళూ గిన్నెలోకి చూశావు, జబ్బ కొలిచావు. నా నోట్లోకి ముద్ద పోతోందో లేదో ఒక్కరోజు కూర్చుని చూశావా? ఆడతోడు లేదే, ఎలా తింటున్నావని అడిగావా? ఇతన్ని అన్న మాట వెనక్కి తీసుకో!"

వార్డంతా చప్పట్లు కొట్టింది. నర్సు మొహం కందగడ్డయింది. ఏమనుకుందో ఏమో, స్టూలు లాక్కుని మంచం పక్కనే కూర్చుంది.

మీ అమ్మ నన్ను చూస్తూనే తినడం మొదలుపెట్టింది. మెల్లగా, ఒక్కొక్క చెంచా. అడుగంటా తినేసి గిన్నె నావైపు చాచింది.

"ఇంకా ఉందా?" అంది.

నీమీద కోపం ఇంకా తగ్గని నీ
యోతాము